ఈ బావిలోనే ఈత నేర్చిన వీరుడు

నా షెడ్డు ముందు ఆటో ఆగిందని చెప్పి, పోయిన వారం మిమ్మల్ని ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను. తప్పు నాదే. నీడలోకి రండి. ఇప్పుడే వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి మొదలుపెడతాను.

నా పేరు తిప్పయ్య. కుందుర్పి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ముప్పై ఆరేళ్లుగా రాళ్ల మీద పేర్లు చెక్కుతున్నాను. మా మండలంలో పెద్ద రైతు ఇంటి మనవడు, నాయకుడు విష్ణువర్ధన్, వాళ్ల తోటలో పాత బావి పక్కన మంచినీటి ప్లాంటు కట్టించాడు. దానికి ఓబులేసు పేరు పెట్టాడు. ఓబులేసు మా ఊరి పిల్లవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సముద్రంలో ఓడతో పాటు మునిగిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. శవం కూడా రాలేదు. ఊళ్లో పట్టుమని పదిమందికి గుర్తులేని ఆ పేరు యాభై మూడేళ్ల తర్వాత నల్లరాతి మీదికి ఎక్కింది. రేపు పొద్దున పది గంటలకు ప్రారంభం. నావికాదళం నుంచి ఒక అధికారి వస్తున్నాడు. రాయి మీద కప్పిన గుడ్డ తీయాల్సింది ఓబులేసు సొంత చెల్లెలు నల్లమ్మ. ఆమె గుడ్డ తీసేదాకా ఆగలేదు. రాయిని ముందుగా చూస్తానని మనవరాలు ఎలిజబెత్‌ను వెంటబెట్టుకుని మిట్టమధ్యాహ్నం నా షెడ్డుకు వచ్చింది. అక్కడ ఆపాను పోయిన వారం.

నల్లమ్మకు అరవై తొమ్మిదేళ్లు. అక్షరం ముక్క రాదు. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి, మనవరాలిని చదవమంది. ఎలిజబెత్ కళ్యాణదుర్గంలో నర్సింగు చదువుతోంది. కోడలు సువార్త ముచ్చటపడి పెట్టుకున్న పేరది. ఆ పిల్ల పైనుంచి చదవడం మొదలుపెట్టింది. మంత్రిగారు. ఎమ్మెల్యేగారు. జిల్లా పరిషత్తు పెద్ద. ఎంపీపీ. స్థలదాత బయ్యన్నగారు. నిర్మాణదాత విష్ణువర్ధన్‌గారు. ఇంకా ఎవరెవరో. మొత్తం పద్నాలుగు పేర్లు. చదివి చదివి ఆ పిల్ల గొంతు ఎండింది గానీ ఓబులేసు రాలేదు.

నన్నేమీ అనకండి. కాగితం మీద ఏమిస్తే అదే చెక్కుతాను. మంత్రి పేరుకు మూడంగుళాలు, ఎమ్మెల్యేకు రెండున్నర, అలా దిగుతూ వచ్చి, చచ్చినవాడి దగ్గరికి వచ్చేసరికి అంగుళం. రాతిలో చోటు ఎక్కడ మిగిలితే అక్కడ చచ్చినవాడు. ఇన్నేళ్లలో నేను చెక్కిన ప్రతి స్మారక ఫలకమూ ఇంతే. నాకు ఒళ్లు మండుతుంది, అయినా చెక్కుతాను. పొట్టకూటి విద్యకు పౌరుషమెక్కడిది?

చివరికి అడుగు వరుస దగ్గరికి వచ్చింది ఎలిజబెత్. "చిన్ననాట ఈ బావిలోనే ఈత నేర్చి, దేశం కోసం సముద్రంలో ప్రాణాలర్పించిన వీర నావికుడు, కీర్తిశేషులు ఓబులేసు."

నల్లమ్మ మళ్లీ చదవమంది. ఎలిజబెత్ మళ్లీ చదివింది. మూడోసారి కూడా చదివించుకుంది. నిజం చెప్తున్నాను, ఆ వరుస చెక్కేటప్పుడు నాకు బాగానే అనిపించింది. చచ్చినవాని కండ్లు చారెడు అంటారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. కానీ నల్లమ్మ ముఖం చూసేసరికి నా చేతిలో ఉలి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఈ మాట తీసెయ్ తిప్పయ్యా," అంది.

విష్ణువర్ధన్ చెప్పకుండా నేనేమీ తీయలేనన్నాను. అయితే పిలిపించు, ఆ ఇంటోళ్లు వచ్చేదాకా ఈ రాయి దగ్గరే ఉంటానంది. ఫోన్ చేశాను. అరగంటలో వస్తానన్నాడు. ఆ అరగంటలో నల్లమ్మ ఆ బావి సంగతి చెప్పింది.

ఇప్పుడు పూడిపోయి తుమ్మచెట్లు మొలిచాయి గానీ, అప్పట్లో అది పెద్ద కపిల బావి. ఎద్దులు కట్టి తోలు బానతో నీళ్లు తోడేవారు. ఎండాకాలం వస్తే విష్ణువర్ధన్ తాత బయ్యన్న ఇంటి పిల్లలు, వాళ్ల బంధువుల పిల్లలు వీపుకు ఎండిన బెండ్లు కట్టుకుని గట్టు మీది నుంచి దూకి ఈత నేర్చుకునేవారు. నల్లమ్మ నాయన ఈరన్న ఆ ఇంట్లో జీతగాడు. కపిల తోలేది ఆయనే. ఆ బావి నీళ్లతో ఆయన తోట తడపొచ్చు, ఎద్దుల్ని కడగొచ్చు, ఆ నీళ్లలో కాలు మాత్రం పెట్టకూడదు. పదేళ్ల ఓబులేసు గొడ్లు కాస్తూ రోజూ గట్టు మీది నుంచి ఆ ఈతలు చూసేవాడు. ఒకరోజు ఎవరూ లేని వేళ, వాళ్లు పారేసిన బెండ్లు కట్టుకుని తనూ దూకాడు. గట్టు మీద కూర్చుని చూసింది చెల్లెలు ఒక్కటే. అప్పుడామెకు ఆరేళ్లు.

"మునుగుతాడనుకుంటి. మునగలే. ఈ దరి నుంచి ఆ దరికి పోయినాడు," అని చెప్పింది నల్లమ్మ. అంతవరకే ఆమె ముఖంలో కాస్త వెలుగుంది.

తర్వాత వాళ్లకు తెలిసిపోయింది. బయ్యన్న అప్పుడు ఇరవై రెండేళ్ల పడుచువాడు. ఓబులేసును కపిల దిమ్మెకు కట్టేసి, తడిసిన మోకుతో కొట్టాడు. వీపు మీద తోలు లేచి వచ్చిందట. అంతటితో పోనిచ్చారా? లేదు. బావి మైలపడిందన్నారు. నీళ్లన్నీ తోడి పారబోయాలన్నారు. ఎవరు తోడాలి? ఈరన్నే. కొడుకు వీపు మీద వాతలు ఆరకముందే, తండ్రి రెండు పగళ్లు రెండు రాత్రులు కపిల తోలాడు. అది వాన పడని మూడో ఏడు. శెనగ చేలు ఎండి పుల్లలయ్యాయి. ఆ ఏడు ఆ నీళ్లన్నీ వంకలో పారబోశారు. పారబోసిన ఆ నీళ్లను కూడా తమ వాడ ఆడవాళ్లు కుండలతో పట్టుకున్నారని, వాళ్లలో తన తల్లి కూడా ఉందని నల్లమ్మ చెప్పింది. చెప్తూ ఏడవలేదు. పళ్లు పటపటా కొరికింది.

వాళ్లకెలా తెలిసిందని అడిగాను. తెలిసిపోయిందిలే అని మాట దాటేసింది. ఎలిజబెత్ ఇదంతా ఎప్పుడూ విననట్టు అవ్వ ముఖమే చూస్తోంది. "మరి మా నాయన మాకు..." అని ఏదో అనబోయింది. నల్లమ్మ చెయ్యెత్తి గమ్మునుండమంది.

ఓబులేసు ఆ వాతలతోనే హాస్టల్లో చేరి చదువుకున్నాడు. పదిహేడేళ్లకు నేవీలో చేరాడు. శిక్షణ నుంచి ఇంటికి రాసిన మొదటి ఉత్తరం ఊళ్లో అయ్యవారు చదివి వినిపించాడట. ఆ ఉత్తరంలో ఒక్క ముక్క నల్లమ్మకు ఇప్పటికీ కంఠతా ఉంది. "ఇక్కడ నన్ను నీళ్లలోకి తోసేటప్పుడు ఎవరి కొడుకువని ఎవరూ అడగలేదు నాయనా" అని రాశాడు.

వాడు ఈత నేర్చింది అక్కడేనంది నల్లమ్మ. ఈ బావిలో బెండ్లు కట్టుకుని ఒక్కసారి దూకాడు, అంతే. ఈ బావిలో వాడు నేర్చింది వేరే పాఠం.

ఇంతలో తెల్లకారు వచ్చి ఆగింది. విష్ణువర్ధన్ దిగాడు. ముందు సీట్లో వాళ్ల తాత బయ్యన్న ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోతూ దారిలో ఆగారట. ఎనభై ఐదేళ్ల మనిషి, చెవులు మందం, చూపు మాత్రం ఇంకా చురుకు. అద్దం దించి మమ్మల్నే చూస్తున్నాడు.

విష్ణువర్ధన్ చెడ్డవాడని నేననను. నవ్వుతూ పలకరిస్తాడు, పెళ్లికీ చావుకూ అందరికంటే ముందు వస్తాడు. పెద్దమ్మా అంటూ నల్లమ్మ దగ్గరికి వచ్చాడు. ఏం కావాలో చెప్పమన్నాడు. మీ అన్న పేరు చిన్నగా ఉందంటే పెద్దగా చెక్కిస్తానన్నాడు.

"పెద్దగా వద్దు. ఇది అబద్ధం. మాయన్న ఈ బావిలో ఈత నేర్వలే. ఈ బావి కాడ తన్నులు తిన్న్యాడు. అది రాయించు," అంది నల్లమ్మ.

అతనికి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, ఆ ముఖం చూస్తే తెలిసింది. వాళ్ల ఇంట్లో ఈ కథ ఎవరు చెప్తారు? నల్లమ్మ నాలుగు మాటల్లో చెప్పింది. విష్ణువర్ధన్ కారు దగ్గరికి నడిచి, తాత చెవి దగ్గర వంగి నిజమేనా అని అడిగాడు. ముసలాయన తడుముకోలేదు.

"కొట్టినా. మా నాయన కొట్టమన్న్యాడు, కొట్టినా. అప్పట్లో అట్ల ఉండె," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ క్షణం తెలిసింది. అట్ల ఉండె! ఎవరో వచ్చి పెట్టిపోయినట్టు. ఆ మోకు దానంతట అదే లేచి ఆ పిల్లవాడి వీపు మీద పడినట్టు. నేను అందామనుకున్నాను. అనలేదు. మా తాత కూడా మా ఊళ్లోనే బండలు కొట్టి బతికినవాడే, ఆ రెండు రోజులూ ఆ వంక పక్కనే ఉండి ఉంటాడు, ఒక్క మాట అని ఉండడు.

విష్ణువర్ధన్ వెనక్కి వచ్చి గొంతు తగ్గించాడు. ఆ మాట తీసేస్తే సరిపోతుందా అని నన్నడిగాడు. తీయడమంటే మాటలు కాదన్నాను. చెక్కిన అక్షరం లోతు పోవాలంటే రాయి ముఖమంతా ఆ లోతుకు అరగదీయాలి, అడుగు వరుస పోవాలంటే పై పద్నాలుగు పేర్లూ పోతాయి, మళ్లీ మొదటినుంచి చెక్కడానికి నాలుగు రోజులు పడుతుందన్నాను. మంత్రి పేరు వైపు చూశాడు. పెదవి కొరికాడు. అయితే ఆ వరుసలో ఈత మాట వరకు నల్ల లప్పం పెట్టి మూసెయ్, రేపటికి గడిస్తే చాలు అన్నాడు.

లప్పం రెండు వానలకు రాలిపోతుందన్నాను.

"ఈ సీమలో రెండు వానలు పడాలంటే ఇరవై ఏండ్లు గావాల. అంతదాకా ఉంటాదిలే," అంది నల్లమ్మ. నవ్వలేదు. మేమూ నవ్వలేదు.

మూస్తే చాలదని ఆమె పట్టు. తన్నిన సంగతి రాయాలి. నీళ్లు పారబోసిన సంగతి రాయాలి. అప్పుడే ఆమె వచ్చి గుడ్డ తీస్తుంది, అధికారి పక్కన నిలబడుతుంది. లేకపోతే అన్న పేరు ఆ రాతి మీద ఉండడానికి వీల్లేదు. విష్ణువర్ధన్ దండం పెట్టాడు. స్మారకం మీద అలాంటివి ఎవరైనా రాస్తారా, అందరి పరువూ పోతుంది, మీ అన్న పరువు కూడా పోతుంది కదా అన్నాడు.

"తన్నులు తిన్నోనికి పరువు పోదప్పా. తన్నినోనికి పోతాది," అంది నల్లమ్మ, కారు దాకా వినపడేలా.

అప్పుడు కారులోంచి బయ్యన్న పిలిచాడు, నన్ను. దగ్గరికి పోయాను. నాతోనే అంటున్నట్టు, నల్లమ్మకు వినపడేంత గట్టిగా అన్నాడు.

"రాయి తిప్పయ్యా. నేను కొట్టింది రాయి, నాకేమి, రేపో ఎల్లుండో పోయేటోన్ని. ఆ పిల్లోడు బావిలో ఉండాడని మా యమ్మకు చెప్పిందెవురో, అది గూడా రాయి. ఆయమ్మనే అడుగు."

ఎలిజబెత్ అవ్వ చెయ్యి పట్టుకుంది. నల్లమ్మ ఆ చెయ్యి విడిపించుకుని కారు దగ్గరికి నడిచింది. నా ఎరుకలో ఆమె ఆ ఇంటి మనిషికి ఎదురుగా అంత దగ్గరగా నిలబడటం అదే మొదలు.

"నేనే చెప్పినా," అంది.

ఆగకుండా చెప్పుకుపోయింది. ఆ రోజు మీ యమ్మ గంజికి పిలిస్తే గిన్నె పట్టుకుని దొడ్డి గుమ్మానికి వచ్చినానంది. మీ పిల్లోల్ల కంటే మాయన్నే బాగా ఈత కొడతాండాడని చెప్పినానంది. గిన్నెలో గంజి పోయకముందే ఆమె లోపలికి పరుగెత్తిందని, మీరంతా మోకులు పట్టుకుని పోయినారని, ఖాళీ గిన్నె పట్టుకుని మీ వెనక నేనూ పరుగెత్తినానని చెప్పింది.

"ఆరేండ్ల దాన్ని. గొప్పగా చెప్పినా బయ్యన్నా. మాయన్నకు ఈతొచ్చిందని గొప్పగా చెప్పినా. అది తప్పని నాకు తెలీదు. మీరు చేసింది తప్పని మీకు తెల్సు."

బయ్యన్న తల తిప్పుకున్నాడు.

"అరవై మూడేండ్లు అయింది. మాయన్న నన్ను ఒక్క మాట అనలే. ఓడ మునిగినాదని తంతి వచ్చిననాడు, మా నాయన మన్ను మీద పడి ఏడుస్తాంటే, నేను చెప్పకుంటే వాడు ఊరిడిసి పోయేటోడు కాదు గదా అనుకుంటి. ప్రతి యేడు అనుకుంటా. నా పేరు గూడా రాయి తిప్పయ్యా. 'చెప్పింది చెల్లెలు నల్లమ్మ' అని రాయి. బయ్యన్న పేరు పక్కనే రాయి. నాకు సిగ్గు లేదు. వానికుండాదేమో అడుగు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్మని సాకు చెప్పను. నలభై ఏళ్లకు దగ్గరగా ఎంతమంది పేర్లో చెక్కాను, దాతలూ నేతలూ పుణ్యాత్ములూ. నా పేరూ రాయమని, తప్పు చేశానని రాయమని, ఒక్కరంటే ఒక్కరు నా షెడ్డుకు రాలేదు. అరగదీసే యంత్రం తీసి కరెంటు పెట్టాను. ఒక్క మాట చెప్తే ఆ పద్నాలుగు పేర్లనూ గంటలో పొడి చేసేవాణ్ణి.

విష్ణువర్ధన్ వచ్చి వైరు పీకేశాడు. మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు. తనకీ సంగతి తెలియదని, తెలిస్తే ఆ బావి పక్కన ప్లాంటు పెట్టేవాడినే కాదని అన్నాడు. కానీ రేపు పది గంటలకు అధికారి వస్తాడు, మంత్రి వస్తాడు, మూడు ఊళ్ల జనం వస్తారు. ఇప్పుడు ఆపడం తన వల్ల కాదన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు, అదే నల్లమ్మకు గుచ్చుకుంది. ఆ ఈత మాట తను పుట్టించింది కాదట. వాళ్ల ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి ఓబులేసు గురించి నాలుగు మంచి ముక్కలు రాసివ్వమని ఓబులేసు వాళ్లనే అడిగాడట.

"మావోల్లా?" అంది నల్లమ్మ. "మావోల్లు చచ్చినా అట్ల రాయరు."

ఎలిజబెత్ తల దించుకుంది. విష్ణువర్ధన్ రోడ్డు వైపు చూశాడు. ఎవరో వస్తారని తెలిసి చూసినట్టే ఉంది.

మోటారు సైకిల్ చప్పుడు వినిపించింది. నల్లమ్మ కొడుకు, ఎలిజబెత్ నాయన విజయభాస్కర్. సోమందేపల్లె దగ్గర కంపెనీలో పని చేస్తాడు, రేపటి కోసం సెలవు పెట్టుకుని వచ్చాడు. వెనక సీటుకు రెండు పెద్ద బంతిపూల దండలు కట్టి ఉన్నాయి. వచ్చీ రాగానే మా అందరినీ దాటుకుని నేరుగా రాయి దగ్గరికి పోయాడు. మేనమామ పేరు మీద చెయ్యి పెట్టాడు. పెట్టి ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తడిమాడు. నలభై ఐదేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా. ఎప్పుడూ చూడని మామ. ఇంట్లో ఒక ఫోటో కూడా లేని మామ.

అప్పుడు నాకు తెలిసింది. కొడుక్కి అన్న కథ చెప్పాల్సి వచ్చినప్పుడు నల్లమ్మ ఏం చెప్పి ఉంటుంది? తన్నుల సంగతి చెప్తే, వాళ్లకెలా తెలిసిందమ్మా అని వాడు అడుగుతాడు. అడిగితే చెప్పాలి. అందుకని బావి దాకా చెప్పి, ఈత దాకా చెప్పి, అక్కడ ఆపేసి ఉంటుంది. ఈ దరి నుంచి ఆ దరికి పోయినాడు, అంతే. ప్రతిసారీ అంతే.

విజయభాస్కర్ వెనక్కి తిరిగాడు. కళ్లు తుడుచుకుని, నవ్వుతూ తల్లిని చూశాడు.

"బాగుండాదా మా? చిన్నప్పుడు నువ్వు చెప్పినావే, అట్లే రాయించినా," అన్నాడు.

నల్లమ్మ నోరు తెరిచింది.